ఆదాం డ్యూటీ దిగలేదు

మా పెళ్ళికి గోడ గడియారాలు, గాజు గిన్నెలు, ఒక ఇస్త్రీ పెట్టె బహుమతులుగా వచ్చాయి. నాకు మాత్రం అన్నిటికంటే వాటికి చుట్టిన కాగితాలు నచ్చాయి. బంగారు రంగు మీద ఎర్ర గులాబీలున్న మెరుపు కాగితాలు. చినగకుండా విప్పి, మడతపెట్టి దాచుకున్నాను. రెండు నెలలు తిరగకుండానే వాటితో పనిపడింది.

మేము గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద వాటా తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళు, పక్కన మూతపడిన కోచింగ్ సెంటర్. మా ఆయన నతానియేలు ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, కోవిడ్ వార్డులో నైటు డ్యూటీ చేసే ఆదాం అనే నర్సు ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఆయన స్థానంలో మా ఆయన్ని వేశారు. రాత్రంతా పని, పగలు నిద్ర. పగలు పడుకోవాలంటే గది చీకటిగా ఉండాలి కదా అని నేను ఆ కాగితాలన్నీ కిటికీ అద్దాలకు అతికించాను. చీకటైతే రాలేదు. ఎండ వాటిలోంచి పడి దుప్పటి నిండా లేత గులాబీలు పరిచింది. నాకు గంతులేయాలనిపించింది. "ఏవండీ, చూడండి" అన్నాను. ఆయన్ని ఏవండీ అని పిలవడం నాకింకా కొత్త. పిలిచినప్పుడల్లా నాకే నవ్వొచ్చేది. ఆయన చూశాడు, బాగుందన్నాడు, ఆ పూల మీదే పడుకున్నాడు.

కొత్తగా పెళ్ళయినదాన్ని, భర్త నిద్రపోతే ఎలా ఉంటాడో నాకేం తెలుసు? నేను బోటనీలో ఎమ్మెస్సీ చేశాను. చింతాకు పొద్దుగూకగానే ఎందుకు ముడుచుకుంటుందో చెప్పగలను. మగవాడి నిద్ర గురించి ఏ సిలబస్‌లోనూ లేదు. కాలేజీలు తెరిచాక ఉద్యోగం వెతుక్కోవచ్చులే అని, అప్పటిదాకా కొత్త కాపురాన్ని ఒక ఆటలా ఆడుకుంటున్నాను. కొత్త కుక్కరు మొదటి కూత వేస్తే చప్పట్లు కొట్టాను. ఆయన తెల్లారి వచ్చి స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పడుకుంటే, పని ముగించుకుని మధ్యాహ్నం నేనూ వెళ్ళి ఆయన పక్కన చేరేదాన్ని.

ఒకరోజు అలా పడుకుని ఉంటే ఆయన చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. సంతోషించాను. ఆ చెయ్యి నా వేళ్ళన్నీ తడిమి, బొటనవేలి గోరును గట్టిగా నొక్కి వదిలింది. కాసేపాగి మళ్ళీ నొక్కింది. తర్వాత ఆయన లేచి కూర్చుని, నన్ను రెండు చేతులా పట్టి బోర్లా తిప్పాడు. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒక దిండు సర్దాడు. నా ముఖం పక్కకు తిప్పి, జుట్టు ముక్కుకు అడ్డం పడకుండా చెవి వెనక్కి దోపాడు. వీపు మీద మెత్తగా తట్టాడు. అంత సుతారంగా నన్నెవరూ ముట్టుకోలేదు. నేను దిండులోకి నవ్వుకుంటూ, తర్వాత ఏం చేస్తాడా అని ఓరగా చూశాను.

ఆయన మంచం దిగాడు. ఖాళీగా ఉన్న గచ్చు మీద ఒకచోట ఆగి, వంగి, అక్కడ లేని మనిషినెవరినో అలాగే బోర్లా తిప్పాడు. అక్కడా వీపు తట్టాడు. అక్కణ్ణుంచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. అక్కడా ఒకరున్నారు. తర్వాత తలుపు దగ్గర. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను దాటి చూస్తున్నాయి. మంచాలకు తగలకుండా నడుస్తున్నట్టు ఒళ్ళు పక్కకు వాల్చి నడుస్తున్నాడు. ఆ గదిలో నాకు కనబడే మంచం ఒక్కటే.

సాయంత్రం లేచాక అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. ఒళ్ళు నొప్పులుగా ఉందన్నాడు. నేను మా చెల్లెలు జాస్మిన్‌కి ఫోన్ చేసి, మీ బావ నిద్రలో కూడా ఉద్యోగం చేస్తున్నాడే అని చెప్పాను. అయితే రెండు జీతాలు అడగమనవే అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

కొన్నాళ్ళకు ఆ నవ్వు ఆగిపోయింది. రోజూ అదే పని. ఆయన తెల్లారి ఇంటికొచ్చి మా గదిలో మళ్ళీ డ్యూటీ ఎక్కేవాడు, పొద్దుగూకాక అలసిపోయి ఆస్పత్రి డ్యూటీకి పోయేవాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. చెయ్యి వణుకుతుంటే గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగేవాడు. వాళ్ళ డాక్టరు నిద్ర మాత్ర రాసిచ్చాడు. అది వేసుకుంటే నడక నెమ్మదించింది గానీ పని ఆగలేదు. పాలలో జాజికాయ అరగదీసి ఇచ్చాను. తలకు నూనె పట్టించాను. ఒకసారి గడప దగ్గర చాప వేసుకుని అడ్డం పడుకున్నాను. నన్నూ బోర్లా తిప్పి దాటుకుని పోయాడు.

అప్పుడు దేవకుమారి అక్క ఫోన్ చేసింది. ఆమె ఆ వార్డుకు ఇన్‌చార్జి సిస్టరు, మా చర్చి మనిషే. ఆయన ఒకరికి చెయ్యాల్సిన ఇన్సులిన్ పక్క బెడ్డు మనిషికి చెయ్యబోతుంటే తాను చూసి చెయ్యి పట్టుకున్నానని చెప్పింది.

"వాడికి సెలవివ్వాలని నాకూ ఉంది ఫెబా. ఇస్తే అక్కడ నిలబడే మనిషి లేడు" అంది. "నువ్వే ఎట్లాగో ఒకట్లా నిద్రపుచ్చు. ఈసారి నేను పక్కన లేకపోతే ఒక ప్రాణం పోద్ది. ఆ తర్వాత వాడూ మనకి మిగలడు."

ఆ రోజు మధ్యాహ్నం నేను పడుకోలేదు. కుర్చీ వేసుకుని ఆయన్నే గమనిస్తూ కూర్చున్నాను. అంతకుముందు రోజూ చూస్తూ కూడా చూడని విషయం అప్పుడు కనబడింది. మా ఆయన కుడిచేతివాటం మనిషి. దువ్వెన పట్టుకునేదీ, తాళం తీసేదీ ఆ చేత్తోనే. నిద్రలో తిరిగే మనిషి మాత్రం అన్నిటికీ ముందు ఎడంచెయ్యి చాస్తున్నాడు. గోరు నొక్కేది ఎడంచెయ్యి. దుప్పటి సర్దేది ఎడంచెయ్యి. బీరువా దగ్గర వంగి, ఎడంచేత్తో గాలిలో ముద్ద కలిపి, ఎవరి నోటికో అందిస్తూ మాట్లాడాడు. అంతవరకూ ఆయన నిద్రలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"ఏం పెద్దమ్మా, అలిగావా? నా మీద కోపం కూటి మీద చూపిస్తే ఎట్టా? ఈ ముద్ద తినేసి బోర్లా పడుకో. నువ్వు పడుకుంటే నేనూ కాసేపు కూర్చుంటా, కాళ్ళు లాగుతున్నాయి నాకు."

మా ఆయన మాటలు పొదుపుగా వాడతాడు. పైగా ఆ గొంతు ఆయనది కాదు, నాకు తెలిసిన గొంతే. మా పెళ్ళిలో భోజనాల దగ్గర హడావుడంతా ఆ గొంతుదే. అతను బిర్యానీ గరిటె ఎడంచేత్తో పట్టుకున్నాడని మా మేనత్త కోప్పడితే, "కుడిచేత్తో వేస్తే లెక్కగా పడుద్ది పెద్దమ్మా, ఎడంచేత్తో వేస్తే రెండు ముక్కలు ఎక్కువ పడతాయి, నీ ఇష్టం" అన్నాడు. మా మేనత్త పళ్ళెం చాపింది. ఆ రోజు నేను పెళ్ళికూతుర్నని కూడా మరిచిపోయి పకపకా నవ్వాను. అతని పేరు ఆదాం. మా ఆయనా అతనూ కలిసి నర్సింగు చదువుకున్నారు.

అతను పోయినరోజు మా ఆయన ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. ఏడవలేదు. కోవిడ్ రూల్సని సమాధి దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు.

మర్నాడు కింద ఇంటావిడ వెంకటేశ్వరమ్మగారు మెట్ల మలుపు దాకా వచ్చి, రెండు మాస్కుల వెనక నుంచి పిలిచింది. మేం కోవిడ్ వార్డు మనుషులమని ఆమె అంతకంటే పైకి రాదు. చుట్టాలెవరైనా వచ్చారా అని అడిగింది. లేదన్నాను.

"మరి రెండు మగ గొంతులు వినపడుతున్నాయేంటమ్మాయ్? ఒకడు మాట్లాడుతుంటే ఇంకోడు ఊఁ కొడుతున్నాడు."

నేను విన్నది ఒక్క గొంతే. అది చెప్పాలనిపించలేదు. ఆయన నిద్రలో కలవరిస్తున్నాడని మాత్రం చెప్పాను. ఆమె కిందికి వెళ్ళి, ఒక పొట్లం తెచ్చి మెట్టు మీద పెట్టింది. వాళ్ళ చేలో కాసిన ఎండుమిరపకాయలు. ఆయన తల చుట్టూ తిప్పి నిప్పులో వెయ్యమంది. ఘాటొచ్చి దగ్గు పుడితే ఏమీ లేనట్టు, రాకపోతే దిష్టి ఉన్నట్టు. మా ఇంట్లో ఇలాంటివి చెయ్యరు. అయినా ఆమె అంత ప్రేమగా తెచ్చిందని, ముందు చిన్న ప్రార్థన చేసుకుని, గుప్పెడు కాయలు ఆయన తల చుట్టూ తిప్పి, ఇనప మూకుట్లో వేసి పొయ్యి మీద పెట్టాను. గుంటూరు మిరపకాయ నిప్పుల మీద పడితే వీధి చివర మనిషి తుమ్మాలి. కాయలు నల్లగా మాడాయి. పొగ లేచి కప్పు దాకా పోయింది. నాకు ముక్కు కూడా చెమర్చలేదు.

నేను భయపడింది దిష్టి గురించి కాదు. వాసన తెలియకపోతే అది కరోనా. గబగబా కాఫీ పొడి డబ్బా తీసి మూత విప్పాను. కమ్మటి వాసన. సబ్బు వాసన, కరివేపాకు వాసన, అన్నీ తెలుస్తున్నాయి. కాఫీ పొడి వాసన అంత హాయిగా నాకెప్పుడూ అనిపించలేదు, డబ్బాలో ముఖం పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను. మళ్ళీ మూకుడు మీదికి వంగి చూశాను. పొగ వస్తూనే ఉంది. దానికి మాత్రం ఏ వాసనా లేదు.

సాయంత్రం ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, ఆదాం గారు నిద్రలో మీతో మాట్లాడతారా అని అడిగాను. ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగింది. మెల్లగా, ఒక్కొక్క మాటగా చెప్పాడు.

వార్డులో అందరూ తలనుంచి కాలిదాకా తెల్లటి కిట్టులో ఉంటారు. ఎవరు ఎవరో తెలియదు. అందుకని కిట్టు మీద ఛాతీ దగ్గర మార్కరుతో పేరు రాసుకుంటారు. ఆదాం తన పేరు పెద్దగా రాసి, కింద మెలితిరిగిన మీసం బొమ్మ వేసుకునేవాడు. పేషెంట్లకు ఆ మీసమే ఆదాం. ఊపిరి ఆడాలంటే బోర్లా పడుకోవాలి. గంటలకొద్దీ అలా పడుకోవడం నరకం, ఎవరు చెప్పినా వినరు, ఆదాం చెబితే వింటారు. దాచేపల్లి నుంచి వచ్చిన జైతున్‌బీ అనే ముసలామె అయితే అతను పెట్టకపోతే ముద్ద కూడా ముట్టేది కాదు. ఆదాం పోయాక ఆమె తిండి మానేసింది, వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ ఉండిపోయింది. ఆక్సిజన్ పడిపోతోంది. ఒకరోజు మా ఆయన మార్కరు తీసుకుని తన కిట్టు మీద ఆదాం అని రాసి, మీసం వేసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఏమయ్యావురా అని ఆమె తిట్టింది. తిట్టి, అన్నం తిని, బోర్లా పడుకుంది.

"ఇక అందరూ వాణ్ణే అడగడం మొదలుపెట్టారు ఫెబా. నా పేరు రాసుకుని వెళితే ఒక్కరూ బోర్లా తిరగరు. నతానియేలు ఎవడో వాళ్ళకి తెలియదు. రోజూ వాడి పేరే రాసుకుంటున్నాను."

ఇంకేదో ఉందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆదాం డ్యూటీ చివర్లో, ఒక పేషెంటుని తిప్పుతూనే కూలిపోయాడట. పొద్దున అతన్ని డ్యూటీ నుంచి దింపడానికి వెళ్ళింది మా ఆయనే. అప్పటికే స్ట్రెచర్ మీద కిందికి తీసుకుపోతున్నారు. నర్సు డ్యూటీ దిగేముందు, వచ్చిన నర్సుకి ఒక్కొక్క బెడ్డు దగ్గర నిలబడి ఎవరికి ఏం ఇచ్చాం, ఎవరికి ఏం కావాలి అని అప్పజెప్పాలి. హ్యాండోవర్ అంటారు. అది ఇవ్వనిదే ఎవరూ గడప దాటరు. ఆదాం స్ట్రెచర్ మీద నుంచే చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు.

"నేను పర్లేదులేరా, నేను చూసుకుంటాలే, పో అన్నా. వాడు చెప్పింది వినలేదు."

అంతే చెప్పి చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు పట్టిన ఆలోచన ఎమ్మెస్సీ చదివినవాళ్ళకు రావలసింది కాదు. కానీ వచ్చాక ఎంత ఉత్సాహం వేసిందంటే, తెల్లారేవరకు కన్ను మూయలేదు. మర్నాడు మధ్యాహ్నం తలస్నానం చేసి, జడ బిగించి, మాస్కు పెట్టుకుని గదిలోకి వెళ్ళాను. ఆయన అప్పటికే లేచి తిరుగుతున్నాడు. బీరువా దగ్గర వంగి ఉన్నాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఆదాం గారూ, నేను డ్యూటీకి వచ్చాను. హ్యాండోవర్ ఇవ్వండి" అన్నాను.

ఆయన నిటారుగా లేచాడు. ఇన్నాళ్ళూ నన్ను దాటి చూసిన కళ్ళు మొదటిసారి నా మీద నిలిచాయి. మా ఆయన కళ్ళే, చూపు మాత్రం ఆయనది కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి తగలడం లేదు.

"చేతులు కడుక్కున్నావా?" అన్నాడు.

కడుక్కున్నానన్నాను. రమ్మని ఎడంచేత్తో సైగ చేశాడు. గది అంతా వెంట తిప్పాడు. ఒక్కొక్కచోటా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. జైతున్‌బీ పెద్దమ్మకి మాట వినపడదు, చెవి దగ్గర చెప్పాలి. తలుపు పక్కాయనకి నీళ్ళు స్ట్రాతో ఇవ్వాలి, సిగ్గుపడి అడగడు. కిటికీ దగ్గర ఆగి, అక్కడ చెంచయ్యగారని పేరు చెప్పాడు. "పెద్దాయన నిన్నే పోయాడు. కానీ ఇంకా దిగలేదు. పక్కకి జరిపి పడుకోబెట్టాను, అక్కడ కొత్తోళ్ళని వెయ్యొద్దు." నేను ప్రతిదానికీ తలూపుతూ, తిరిగి చెప్పాను. అలా తిరిగి చెప్పాలని మా ఆయన చెబితే విన్నాను. చెబుతున్నకొద్దీ ఆ ఖాళీ గచ్చు మీద ఎక్కడ కాలు పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో నాకే తెలిసిపోతోంది. ఒకచోట నా చీర కుచ్చిళ్ళు దేనికో తగిలి కదిలాయి.

అంతా అయ్యాక, డ్యూటీ అయిపోయింది, ఇక దిగండి అన్నాను. ఆయన కదల్లేదు.

"నువ్వు పగలు చూస్తావు. రాత్రికి ఎవరున్నారు?"

నేను దీని గురించి ఆలోచించలేదు. రాత్రికి నతానియేలు అనాలి, అదే నిజం. అంటే ఈ ఒళ్ళే మళ్ళీ లేచి వెళ్ళాలి. నా ఎదురుగా ఆ కళ్ళ కింద గుంటలున్నాయి, పగిలిన పెదాలున్నాయి. దేవకుమారి అక్క మాట చెవిలో ఉంది. ఏదైతే అదయిందని, "రాత్రికి నతానియేలు రాడు. వాడికి నిద్ర కావాలి" అన్నాను.

ఆయన ఆలోచించాడు. మా పెళ్ళిలో గరిటె పట్టుకుని నవ్వినట్టే, పెదవి ఒక పక్కకు లేచింది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా చెల్లెమ్మా. పడుకోనీ. నేనున్నాగా."

లేని గ్లవ్స్ వేలు వేలు ఊడదీశాడు. మెడ దగ్గర జిప్పు లాగి, భుజాల మీద నుంచి కిట్టు దింపినట్టు దింపి, కాళ్ళు బయటికి తీశాడు. మంచం మీద పక్కకు వాలాడు. కళ్ళు మూతపడ్డాయి.

ఆ తర్వాత ఆయన కదలనే లేదు. ఎండ తగ్గింది, దుప్పటి మీద గులాబీలు గోడెక్కి మాయమయ్యాయి. దీపాలు పెట్టే వేళైంది. డ్యూటీకి లేపాలి. భుజం పట్టి ఊపాను, లేవలేదు. ఆ నిద్ర చూస్తే భయం వేసింది. ఒంట్లో రక్తం ఆడుతోందా అని, నిద్రలో ఆయన చేసినట్టే, ఆయన చెయ్యి తీసుకుని బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లగా అయింది. తెల్లగానే ఉంది. నేను ఎవర్ని పంపించేశానో అనుకుంటుండగా, మెల్లగా గులాబీ రంగు తిరిగొచ్చింది. ఆ వేలిని ముద్దు పెట్టుకున్నాను. లేపకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. కానీ అక్కడ బెడ్ల మీద అంతమంది. చూసే మనిషి లేకుండా చేసింది నేనే. బయట వరండాలోకి వెళ్ళి, దేవకుమారి అక్కకి ఫోన్ చేశాను. అక్కా, ఆయన ఈ రాత్రికి రాలేడు, కావాలంటే నన్ను తిట్టండి అన్నాను.

"రాలేకపోవడమేంటే? ఈరోజు పెందలాడే వచ్చాడుగా" అంది. "కిట్టు వేసుకుని లోపలికి పోయి చాలాసేపైంది. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నా. భలే నిద్రపుచ్చావు ఫెబా, చెయ్యి వణకడమే లేదు. పెద్దమ్మకి ముద్దలు పెడుతున్నాడు, ఆమె నవ్వుతోంది."

నేను తలుపులోంచి మంచం వైపు చూశాను. మా ఆయన చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"ఏ చేత్తో పెడుతున్నాడక్కా?"

"ఏ చేత్తోనైతే ఏంటి, తింటోంది కదా" అంది. మళ్ళీ అద్దంలోంచి చూసినట్టుంది. ఊపిరి వినబడుతోంది. "ఎడంచేత్తో" అంది. మెల్లగా, "వాణ్ణి పిలవమంటావా?" అని అడిగింది.

ఆమె దేని గురించి అడుగుతోందో నాకు తెలుసు. ఆమెకూ తెలుసనుకుంటాను.

"వద్దక్కా. పని చేసుకోనివ్వండి."

ఆమె సరేనంది. ఫోన్ పెట్టేసి లోపలికొచ్చాను. కిటికీ దగ్గరా, బీరువా దగ్గరా ఆగి, పక్కకు తప్పుకుని, మంచం దాకా నడిచాను. ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయన నోరు కొంచెం తెరిచి, గరగరమని గురక మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక మొదటిసారి విన్నాను. ఎంత పెద్ద గురకో. కింద వెంకటేశ్వరమ్మగారికి కూడా వినబడే ఉంటుంది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ, తెల్లారేదాకా దాన్నే వింటూ కూర్చున్నాను.